నేతగాని కుమారుడు – బోరు నీళ్ళు



గడచిన నెల ముస్తాబాద్ దగ్గరి ఒక పల్లెలో ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి తన తొమ్మిదేండ్ల కుమారుని మా యొద్దకు తీసికొని వచ్చినది. "నీళ్ళు కాగబెట్టే తాపుతున్న సారూ. అయినా పిల్లగాని పండ్లు గిట్ల గారబట్టినయి. నేనేం తప్పు చేసిన్నో చెప్పుండ్రి" అని అడిగినది. ఆమె చంకలో రెండేండ్ల పాప కూడ ఉన్నది. ఆమెకు చెప్పిన జవాబునే ఈ నెల మీ అందరితో పంచుకొంటున్నాము. అందుకు ముందుగా 200 సంవత్సరాల వెనుకకు పోవలసియున్నది.

ఇంగ్లండులోని ఈగిల్స్‌ఫీల్డ్ అను పల్లెలో 1766లో జాన్ డాల్టన్ జన్మించాడు. మన సిరిసిల్ల నేతన్నలవలెనే ఆయన తండ్రి మగ్గము నేసి కుటుంబమును పోషించేవాడు. వారు క్వేకరు సంఘస్థులు. డాల్టన్ పన్నెండేండ్ల వయస్సులోనే బడిలో పాఠాలు చెప్పుట మొదలుపెట్టాడు. ఈ నేతగాని కుమారుడే 1808లో ప్రచురించిన గ్రంథములో పరమాణు సిద్ధాంతమును లోకమునకు వివరించాడు. ప్రతి పదార్థము కంటికి కనబడని పరమాణువులతో చేయబడినదనియు, ఒక్కొక్క మూలకమునకు ఒక్కొక్క రకపు పరమాణువు ఉన్నదనియు, రసాయన చర్యలో అవి విడిపోయి కలిసికొనునే గాని నశించవనియు ఆయన చెప్పాడు.

ఆ తల్లి ప్రశ్నకు సగము జవాబు ఇక్కడనే ఉన్నది. నీళ్ళు కాచినప్పుడు చచ్చేవి రోగక్రిములు. అవి ప్రాణులు. పండ్లను గారబట్టించే ఫ్లోరైడు ప్రాణి కాదు, ఫ్లోరిను అను మూలకము యొక్క రూపము. పొయ్యి మంట దానిని ఏమియు చేయలేదు. ఆవిరియై పోయేది నీరు మాత్రమే, ఫ్లోరైడు గిన్నెలోనే మిగులును. ఎంత ఎక్కువ మరిగితే మిగిలిన నీటిలో దాని పాలు అంత పెరుగును. క్రిముల కొరకు నీళ్ళు కాచుట మంచిదే, దానిని మానవద్దు. కాని ఫ్లోరైడుకు అది మందు కాదు.

మిగిలిన సగము జవాబు రష్యా దేశములో దొరుకును. తండ్రిని పోగొట్టుకొన్న మెండలీవ్‌ను అతని తల్లి సైబీరియా నుండి చదువు కొరకు ఎంతో దూరము తీసికొని వెళ్ళినది. ఆ కుమారుడు 1869లో అప్పటికి తెలిసిన 63 మూలకాలను బరువునుబట్టి వరుసగా పేర్చి, ఒకే గుణము గలవాటిని ఒక గుంపుగా చేశాడు. అదే ఆవర్తన పట్టిక. నేడు అందులో 118 మూలకాలున్నవి. ఫ్లోరిను, క్లోరిను, బ్రోమిను, అయొడిను ఒకే కుటుంబము. బ్లీచింగు పౌడరులో ఉన్న క్లోరిను, ఉప్పులో కలిపే అయొడిను దీనికి తోబుట్టువులే. అయితే ఫ్లోరినును విడిగా పట్టుకొనుట 1886లో గాని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడైన మ్వాసాన్‌కు సాధ్యపడలేదు. అది దేనినైనను అంత గట్టిగా అంటుకొనును.

ఎందుకట్లు? 1897లో థామ్సన్ ఎలక్ట్రానును, 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణువు నడుమనున్న కేంద్రకమును కనుగొన్న తరువాత కారణము తెలిసినది. ఫ్లోరినుకు 9 ఎలక్ట్రానులున్నవి. లోపలి వరుసలో 2, బయటి వరుసలో 7. బయటి వరుస నిండుటకు 8 కావలెను. ఆ ఒక్కదానిని తెచ్చుకొని అది ఫ్లోరైడుగా మారును. కాల్షియముకు బయటి వరుసలో 2 ఎలక్ట్రానులు ఇచ్చివేయుటకు సిద్ధముగా ఉండును. కనుక ఫ్లోరైడుకు కాల్షియముతో పొత్తు ఎక్కువ. మన ఎముకలలోను పండ్లలోను ఉన్నది ఆ కాల్షియమే గదా! స్వల్పముగా ఉంటే ఫ్లోరైడు పంటికి మేలే చేయును. మితి మించితే పండ్లు గారబట్టును, ఏండ్లు గడిచేకొద్దీ ఎముకలు, కీళ్ళు బిగుసుకొని నడుము వంగిపోవును.

నల్లరాతి పొరలలో ఫ్లోరైడు గల ఖనిజాలున్నవి. లోతైన బోరు నీరు ఆ రాళ్ళ మధ్య చాల కాలము నిలిచియుండుటవలన అది నీటిలో కరుగును. మన దేశములో ఈ వ్యాధిని 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో డాక్టర్ షార్ట్, ఆయన సహచరులు గుర్తించారు. నల్లగొండ జిల్లా ఎంత బాధపడినదో మనకు తెలియును. నాగపూరులోని నీరీ సంస్థవారు 1970ల దశకములో పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తేర్చి తీసివేయు పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టారు.

మరి మన ఇండ్లలో ఏమి చేయవలెను? మొదట బోరు నీటిని పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉంటే మంచిది, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతింతురు. పండ్ల మరకలకు వేరే కారణాలు కూడ ఉండవచ్చును గనుక పరీక్ష లేకుండ ఫ్లోరైడే అని తేల్చవద్దు. ఎక్కువ ఉన్నట్లు తేలితే, 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నల్లా నీళ్ళనే తాగుటకును వంటకును వాడి, బోరు నీళ్ళను బట్టలకు, గిన్నెలకు ఉంచండి. అన్నము, పప్పు ఉడికించే నీళ్ళు కూడ కడుపులోనికే పోవునని మరువవద్దు.

వచ్చే పండ్లు చిగురు లోపల తయారయ్యేది దాదాపు ఎనిమిదేండ్ల లోపుననే. కనుక కుమారుని పండ్లమీద గార కాచిన నీళ్ళతో పోదు, అతని ఎముకలను మాత్రము ఇప్పటినుండి కాపాడవచ్చును. చంకలోనున్న పాప పండ్లకైతే ఇంకను సమయమున్నది. ఆ తల్లి చేసిన తప్పేమియు లేదు, తెలిసినంతలో ఆమె పిల్లలను కాపాడుకొన్నది. మరునాడే ఒక శుభ్రమైన సీసాలో బోరు నీళ్ళు పట్టి పరీక్షకు పంపినదని విని మేము సంతోషించాము. మీ ఇంటి బోరు సంగతి కూడ తెలిసికొనండి.