ఫైనల్ ఎప్పుడూ ఇంగ్లండ్‌లోనేనా, షా గారూ?

హైదరాబాద్,
ఆగస్టు 2025

ఐసీసీ అధ్యక్షులు శ్రీ జయ్ షా గారికి,



గత నెల సింగపూర్‌లో మీ వార్షిక సమావేశం ముగిశాక విడుదల చేసిన ప్రకటన చదివాను. నానా విషయాల నడుమ ఒక్క వాక్యంలో తేల్చేశారు. 2027, 2029, 2031 టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్స్ కూడా ఇంగ్లండ్‌కే. కారణం ఏమిటయ్యా అంటే, ఇంతకుముందు ఫైనల్స్ వాళ్ళు బాగా జరిపారట.

జరిపారు, కాదనను. మరి ఇంకెవరికి ఇచ్చి చూశారండీ? ఈ పోటీ 2019లో మొదలైంది. 2021లో సౌతాంప్టన్, 2023లో ఓవల్, ఈ ఏడాది లార్డ్స్. మూడుకి మూడూ అక్కడే. అనుభవం ఉంటేనే ఉద్యోగం అంటారు, ఉద్యోగం ఇస్తే కదా అనుభవం వచ్చేది! ఇంటర్వ్యూల నుంచి మొహాలు వేలాడేసుకుని వచ్చే మా పిల్లలు రోజూ చెప్పే మాటే ఇది. మెల్‌బోర్న్‌కి, కేప్‌టౌన్‌కి, కోల్‌కతాకి కూడా మీరు అదే మాట చెప్పి పంపారన్నమాట.

అయినా 'బాగా జరిపారు' అంటే ఏమిటి లెక్క? సౌతాంప్టన్‌లో మొదటి రోజు ఒక్క బంతి పడలేదు. నాలుగో రోజూ అంతే. ఆరో రోజు కూడా వాడుకుంటే గానీ ఫలితం తేలలేదు. ఆ మ్యాచ్ మనం ఓడిపోయాం కాబట్టి ఈ ఏడుపు అనుకునేరు. న్యూజిలాండ్ గెలవడం న్యాయమే, విలియమ్సన్ చేతికి చాంపియన్లకిచ్చే ఆ గద వస్తే సంతోషించని తెలుగువాడు ఎవరైనా ఉంటే చూపించండి, మా సన్‌రైజర్స్ పాత కెప్టెన్ ఆయన. వాన సంగతి మాట్లాడుతున్నాను నేను.

ఇంకో విచిత్రం చూడండి. ఈ మూడు ఫైనల్స్‌లో ఒక్కదానిలోనూ ఇంగ్లండ్ జట్టు లేదు. గత రెండేళ్ళ విడతలో అందరికన్నా ఎక్కువగా 22 టెస్టులు ఆడి కూడా రాలేకపోయారు. ఈ ఏడాది భారత్ కూడా ఫైనల్ చేరలేదని తేలాక లార్డ్స్‌లో టికెట్ల రేట్లు దించాల్సి వచ్చిందని అక్కడి పత్రికలే రాశాయి. మరి తటస్థ మ్యాచ్‌కి జనం వచ్చేది ఇంగ్లండ్‌లోనే అన్న వాదన ఏమైనట్టు?

అసలు సంగతి వేరే అని మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఫైనల్ జూన్‌లో పెట్టాలి. జూన్‌లో మన దగ్గర వానలు. ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో, దక్షిణాఫ్రికాలో చలికాలం. కరీబియన్‌లో తుపానుల రోజులు మొదలు. ఎటు తిరిగినా చివరికి ఇంగ్లండ్ గుమ్మం ముందే ఆగుతాం. సరే, జూన్‌లోనే ఎందుకు పెట్టాలి? ఎందుకంటే మార్చి నుంచి మే చివరిదాకా ఐపీఎల్. అది ఒక్క అంగుళం జరగదు. ఈసారి మధ్యలో ఆగి మళ్ళీ మొదలై జూన్ 3న ముగిసింది. జూన్ 11న లార్డ్స్‌లో టాస్ వేశారు. తొమ్మిది జట్లు రెండేళ్ళపాటు ఖండాలు తిరిగి ఆడితే, ఆఖరి మ్యాచ్‌కి దొరికిన సందు అది. పైగా లండన్‌లో పొద్దున ఆట మొదలైతే మనకు మధ్యాహ్నం. మూడో సెషన్ సరిగ్గా మన ఇళ్ళలో రాత్రి భోజనాల వేళకి టీవీలో వస్తుంది. దీన్ని కారణంగా రాసి ఉంటే కనీసం నిజం చెప్పారనుకునేవాళ్ళం.

ఐపీఎల్ మీద నాకు కసి లేదు. సన్‌రైజర్స్ మ్యాచ్ ఉన్న రోజు మా ఇంట్లో రిమోట్ ఇంకెవరి చేతికీ పోదు. ఈ లార్డ్స్ ఫైనల్‌ని కూడా మేము సగం సొంత ఇంటి మ్యాచ్ లాగే చూశాం. కమిన్స్, హెడ్ అటు ఆస్ట్రేలియాలో, ముల్డర్ ఇటు దక్షిణాఫ్రికాలో. ముగ్గురూ అంతకు కొద్ది రోజుల ముందు వరకు నారింజ రంగు చొక్కాల్లో ఉన్నవాళ్ళే. కమిన్స్ 28 పరుగులకే ఆరు వికెట్లు తీస్తుంటే మా కెప్టెన్ అని మురిసిపోయాం. మూడో రోజు బవుమా ఓ కాలు ఈడ్చుకుంటూ పరుగులు తీస్తుంటే మాత్రం కెప్టెన్‌నీ మర్చిపోయాం. తొడ కండరం పట్టేసిన మనిషి, బయటికి వెళ్ళిపొమ్మన్నా వెళ్ళకుండా, మార్‌క్రమ్‌తో కలిసి 147 పరుగులు జోడించాడు. 282 లక్ష్యం. 1998లో ఢాకాలో గెలిచిన కప్పు తర్వాత దక్షిణాఫ్రికాకి మళ్ళీ ఐసీసీ టైటిల్ అదే.

ఆ చాంపియన్లకి మీరేం ఇచ్చారు షా గారూ?

ఈ వచ్చే వేసవి మొత్తం దక్షిణాఫ్రికాలో పురుషుల టెస్టు ఒక్కటీ లేదు. 2027 ప్రపంచ కప్ కోసం స్టేడియాలు బాగు చేస్తున్నారట. స్టేడియాలు బాగుచేయాల్సిందే, కాదనం. కానీ గద తెచ్చిన జట్టును సొంత ఊళ్ళో తెల్ల దుస్తుల్లో చూడాలంటే అక్కడి అభిమాని వచ్చే ఏడాది దాకా ఆగాలి. వాళ్ళ సొంత లీగ్‌కి మాత్రం తేదీలు దొరికాయి, డిసెంబర్ 26 నుంచే. నవంబర్‌లో ఆ జట్టే మన దేశానికి వస్తోంది. ఎన్ని టెస్టులు? రెండు. గత విడత మొత్తంలో వాళ్ళు ఆడినవి 12, మనం 19, ఆస్ట్రేలియా 19. ఆరు సిరీస్‌లూ రెండేసి టెస్టులే. ఇంగ్లండ్‌తో, ఆస్ట్రేలియాతో ఒక్కటీ లేదు. 'తేలిక జట్లతో ఆడి ఫైనల్‌కి వచ్చారు' అని కొందరు పెద్దమనుషులు ఎద్దేవా కూడా చేశారు. షెడ్యూల్ వేసింది బవుమానా?

ఐదు టెస్టుల సిరీస్ అంటే ఏమిటో మొన్న 4వ తేదీన ఓవల్‌లో చూశాం. సోమవారం, పని రోజు. ఇంగ్లండ్‌కి 35 పరుగులు కావాలి, మనకు నాలుగు వికెట్లు. మా వీధి చివర సెల్‌ఫోన్లు రిపేరు చేసే కుర్రాడి షాపులో గోడకి చిన్న టీవీ ఉంది. దాని ముందు పదిహేను మంది దాకా నిలబడ్డాం. ఎవరిదో ఫోను వెనక మూత ఊడదీసి బల్ల మీద పడుంది, స్క్రూలు టీ గ్లాసు మూతలో ఉన్నాయి, ఫోను తాలూకు మనిషి పక్కనే ఉన్నాడు, 'కానియ్, మ్యాచ్ అయినాకనే చెయ్' అంటున్నాడు. ఒక చెయ్యి స్వెటర్ లోపల కట్టుకుని క్రిస్ వోక్స్ మెట్లు దిగి వస్తుంటే ఆ గుంపులో ఎవరూ నవ్వలేదు. ఆట్కిన్సన్ స్టంప్ లేచిపోయాక సంగతి చెప్పక్కర్లేదు, ఇది సిరాజ్ పుట్టి పెరిగిన ఊరు. ఆరు పరుగుల గెలుపు. ఐదు టెస్టులూ ఆడి, 185 ఓవర్ల పైన బౌలింగ్ చేసి, ఆఖరి పొద్దున అంత వేగంతో యార్కర్ వేశాడంటే, అది రెండు టెస్టుల సిరీస్‌లో పుట్టే కథ కాదు. పరిచయం అయ్యేలోపే అయిపోతుంది ఆ సిరీస్.

ఆ సుఖం భారత్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా వాళ్ళకేనా? డర్బన్‌లో, గాలేలో, కింగ్‌స్టన్‌లో ఉన్నవాడికి అక్కర్లేదా?

కింగ్‌స్టన్ అంటే గుర్తొచ్చింది. మీరు సింగపూర్ విమానం ఎక్కే ముందు, జూలై 14న, అక్కడ వెస్టిండీస్ 27 పరుగులకి ఆలౌట్ అయింది. టెస్టు చరిత్రలో అంతకంటే తక్కువ స్కోరు ఒక్కటే, 1955లో న్యూజిలాండ్ 26. స్టార్క్ 15 బంతుల్లో ఐదు వికెట్లు తీశాడు. లాయిడ్, రిచర్డ్స్ పేర్లు మా నాన్న రేడియోలో విని నేర్చుకున్నవి, వాళ్ళ ఫోటోలు కట్ చేసి ట్రంకు పెట్టె మూత లోపల అంటించుకున్న తరం అది. ఆ జట్టు 2023 ప్రపంచ కప్‌కి అర్హత కూడా సాధించలేదు. ఈ జూన్‌లో 29 ఏళ్ళ నికొలస్ పూరన్ దేశం తరఫున ఇక ఆడనన్నాడు. అంతకు కొన్నాళ్ళ ముందే దక్షిణాఫ్రికా నుంచి మా క్లాసెన్. మే 25న ఢిల్లీలో 37 బంతుల్లో సెంచరీ కొట్టి, జూన్ 2న అంతర్జాతీయ క్రికెట్‌కి సెలవు చెప్పేశాడు. ఆయన ఆడిన టెస్టులు మొత్తం నాలుగు. సన్‌రైజర్స్‌లో ఉంటాడు కదా అని మేం ఊరుకోవాలా, టెస్టుల్లో పోయాడే అని బాధపడాలా? లీగ్ ఇచ్చే డబ్బు తప్పని నేను అనను. ఎవరి సంసారం వాళ్ళది. కానీ ఐసీసీ పంచే సొమ్ములో 38.5 శాతం ఒక్క మన బోర్డుకే వెళ్తుందని పత్రికలు రాశాయి. రెండో స్థానంలో ఉన్న ఇంగ్లండ్ వాటా ఏడు శాతం కూడా లేదు. మిగతా వాళ్ళు ఆటగాళ్ళను నిలబెట్టుకోవడం ఎలాగండీ? ఇప్పుడు టెస్టు దేశాలను రెండు అంచెలుగా విడగొట్టే మాట మళ్ళీ మొదలైంది. కింది అంచెలో పడ్డవాడిని పైకి లాగేది ఎవరు?

'మన బోర్డుకే లాభం, మనవాడే అధ్యక్షుడు, నీకేం నొప్పి' అని మా స్నేహితులే అంటారు. మనవారు కాబట్టే రాస్తున్నాను. మీకు ముందు ఆ కుర్చీలో ఉన్న బార్‌క్లే గారికి తెలుగులో ఉత్తరం రాస్తానా?

తటస్థ మ్యాచ్‌లకి మన దగ్గర జనం రారని ఎవరైనా మీకు చెప్పి ఉంటే, 2023 అక్టోబర్ 10 నాటి ఉప్పల్ వీడియో తెప్పించుకోండి. పాకిస్తాన్, శ్రీలంక. మంగళవారం. పాకిస్తాన్ అభిమానులకి వీసాలు దొరకలేదు, శ్రీలంక వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. స్టాండ్లలో ఉన్నది మేమే. మెండిస్ బాదుతుంటే మెండిస్‌కి అరిచాం. 345 ఛేజింగ్‌లో రిజ్వాన్ పిక్కలు పట్టేసి కూలబడి, మళ్ళీ లేచి సిక్స్ కొడితే అతనికీ అరిచాం. ప్రపంచ కప్పుల్లో అదే అతి పెద్ద ఛేజింగ్. ఆ టోర్నీలో హైదరాబాద్‌కి భారత్ మ్యాచ్ ఒక్కటి కూడా ఇవ్వలేదు. ఇచ్చిన ఈ మ్యాచ్ తేదీని కూడా రెండు నెలల ముందు 12 నుంచి 10కి మార్చారు. అప్పుడు మన బోర్డు కార్యదర్శి మీరే. అయినా వచ్చాం. జూన్‌లో ఉప్పల్‌లో ఫైనల్ పెట్టమని అడగట్లేదు, వానలో తడిసి మీ ప్రకటనకి కొత్త కారణం ఇచ్చేంత అమాయకులం కాదు. జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఒక్క వారం దొరకదా అంటున్నాం. 2023లో ఓవల్ ఫైనల్ ఓడాక రోహిత్ ఒక్క మ్యాచ్ కాదు, మూడు మ్యాచ్‌ల ఫైనల్ ఉంటే బాగుంటుందన్నాడు. మూడు వారాల మాట దేవుడెరుగు.

పాత బాకీలు తవ్వను. తవ్వితే ఈ ఉత్తరం ఆగదు. చాంపియన్స్ ట్రోఫీ పాకిస్తాన్‌లో, మన మ్యాచ్‌లన్నీ దుబాయ్‌లో. సెమీస్‌లో ఎవరితో ఎవరు ఆడతారో తేలకముందే రెండు జట్లను దుబాయ్‌కి తిప్పి, దక్షిణాఫ్రికాను మళ్ళీ లాహోర్ పంపారు. కప్పు గెలిచామని సంబరపడ్డాం, ఆ పూట కొంచెం సిగ్గూ పడ్డాం. భారత్, పాకిస్తాన్ ఆఖరిసారి టెస్టు ఆడింది 2007 డిసెంబర్‌లో. టెస్టు చాంపియన్‌షిప్ పట్టికలో రెండూ ఉంటాయి, ఎదురుపడవు. కానీ ప్రతి పొట్టి టోర్నీలో ఒకే గ్రూపులో ఎలా పడతాయో ఏమో, ఆ చీటీలు తీసే చేతికి దండం పెట్టాలి. ఇక ఓవర్ల సంగతి. లార్డ్స్‌లో మొన్న ఇంగ్లండ్‌తో మన టెస్టు తొలి రోజు 90 వేయాల్సిన చోట 83 దగ్గరే ఆట ముగిసింది. ఏడు ఓవర్ల డబ్బు టికెట్ కొన్నవాడికి ఎవరు తిరిగిస్తారు? ఆ టెస్టులో తమ వంతు ఓవర్ల ఆలస్యానికి ఇంగ్లండ్‌కి రెండు పాయింట్లు కోశారు, సంతోషం. ఆ పాయింట్లు అభిమాని జేబులో పడవు కదా.

మీరు డిసెంబర్‌లో పదవి చేపట్టినప్పుడు టెస్టు క్రికెట్‌కి ఏదో మంచి జరుగుతుందని నమ్మినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడూ మానలేదు, ఓపిక తగ్గిందంతే. ఈ 2031 మాట మీద మళ్ళీ ఒకసారి కూర్చోండి. 2027 ఎలాగూ దగ్గరపడింది, పోనివ్వండి. 2029కైనా తలుపు కొంచెం తెరిచి ఉంచకూడదా? ఈ మధ్య మన బోర్డే ఒక ఫైనల్ అడగబోతోందని వార్తలు వచ్చాయి. అడిగారా? ఆస్ట్రేలియా అడిగిందా? దక్షిణాఫ్రికా నోరు తెరిచిందా? అడిగితే ఎవరికి ఏం చెప్పి పంపారు? ఆ నాలుగు ముక్కలైనా బయటపెడితే, కనీసం ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో మాకు తెలుస్తుంది.

ఇట్లు,
ఉప్పల్ ఈస్ట్ స్టాండ్‌లో ఎండకి కూర్చునే ఒక అభిమాని