వేరుసెనగ వేరు కాదు

జీవశాస్త్రపు తరగతిలో "వేరుసెనగకాయ మొక్కయొక్క యే భాగము?" అని ప్రశ్నించినచో, పిల్లలలో పెక్కుమంది క్షణమైనను ఆలోచింపక "వేరు" అని బదులు చెప్పుదురు. పేరులో వేరున్నది, కాయ మంటిలో నున్నది, ఇక సందేహమెందుకు? ఇట్లు చెప్పు పిల్లలు పట్టణవాసులు కారు. కుందుర్పి చుట్టుప్రక్కల చేలలో పెరిగినవారు; శెనక్కాయ పెరికి, ఒలిచి, విత్తనము తీసిన చేతులు వారివి. చేతికి తెలిసినది బుద్ధికి అందకపోవుట వారి దోషము కాదు. మనము నేర్పు విధానముయొక్క దోషమని నా అభిప్రాయము.

నిజమునకు అది వేరు కాదు, ఫలము. పసుపుపచ్చని పువ్వు నేలకు పైననే పూయును. ఫలదీకరణమైన కొలది దినములకు పువ్వు మొదటనుండి సన్నని ఊడ బయలుదేరి, క్రిందికి వంగి, మంటిలోనికి దిగును. అచ్చటి చీకటిలో దాని కొన యుబ్బి కాయ యగును. ఈ సంగతిని నల్లబల్లమీద వ్రాసి వల్లె వేయించుట పది నిమిషముల పని. కాని ఒక బాలుడు ఒకే మొక్కమీద నాలుగు ఊడలను గుర్తించి, రెండింటిని దారముతో పైకి కట్టి మంటి కందకుండ చేసి, తక్కిన రెండింటిని వాని దారిని విడిచి, నెల దినములు గమనించెనేని, కట్టిన ఊడలు కాయ పట్టకుండుటను తన కన్నులతోనే చూచును.

ఒకే మొక్కమీద నేల చేయవలెను? నీరు, ఎరువు, ఎండ అన్నిటికిని సమానముగా నున్నప్పుడే గదా, భేదమునకు కారణము మన్నని చెప్ప వీలగును. అటుపై ఆ బాలుడే "మంటిలో కాయను పుట్టించునది చీకటియా, తేమయా, స్పర్శయా?" అని యడుగును. ఆ ప్రశ్న పుట్టిన దినముననే వానికి శాస్త్రవిద్య ప్రారంభమైనదని నేను తలచెదను.

"చేనిలోని సంగతులు మాకు తెలియనివా? వానికై బడికి పంపవలెనా?" అని కొందరు తల్లిదండ్రు లడుగుదురు. వారి యనుభవము గొప్పదే. అయినను కంటికి కనబడనిది కొంత కలదు. 2000వ సంవత్సరమున అనంతపురము జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్ల వేరుసెనగ పైరును తెగులు పట్టి పీడించెను. లేత మొక్కల మొవ్వులు మాడి, కాండములు నల్లబడి, లెక్కలేనన్ని మొక్కలు చచ్చెను. పూర్వమునుండి యెరిగిన మొవ్వుకుళ్లు తెగులే యని మొదట భావింపబడెను. చూపునకు రెండును ఒకదానివలె నొకటి యుండును. పరీక్షింపగా ఇది వేరొక వైరసని, టొబాకో స్ట్రీక్ వైరసని తేలెను.

ఆ వైరసునకు నెలవు మన గట్లమీదను, బాటల ప్రక్కలను పెరుగు వయ్యారిభామ. ఆ కలుపుమొక్క పైకి ఆరోగ్యముగా పచ్చగా నుండును. దాని పుప్పొడిలో వైరసుండును. పుప్పొడి గాలికి ఎగిరి వేరుసెనగ ఆకులపై పడును. తామరపురుగులు ఆకును గీరినప్పుడు ఆ గాయముద్వారా వైరసు లోనికి ప్రవేశించును. కారణము తెలిసినందుననే ఉపాయమును తెలిసినది: పూతకు ముందే వయ్యారిభామను పెరికివేయుట, చేను చుట్టును జొన్నసాళ్లు అడ్డుగా వేయుట. పోలికను చూచి నిర్ణయింపరాదనియు, రోగము లేనట్లు కనబడునదే రోగమును మోయవచ్చుననియు ఇంతకంటె స్పష్టముగా బోధించు పాఠము ఏ పుస్తకములో నున్నది?

"పరీక్షలు సమీపించుచుండగా చేలవెంట తిరుగుటకు వేళ యెక్కడిది? ప్రయోగశాల యెక్కడిది?" అని ఉపాధ్యాయు లడుగుట సహజమే. పరీక్షను నేను చులకన చేయను. పేద కుటుంబముల బిడ్డలకు పై చదువులకు దారి అదియే. కాని తాను చేసి చూచినదానిని బాలుడు తన మాటలలో వ్రాయగలడు. వల్లె వేసినది ప్రశ్న కొంచెము మారినంతనే చెదరిపోవును. ఇక ప్రయోగశాల సంగతి. జూన్ మాసమున బడి తెరచిన కాలముననే వర్షము పడినచో విత్తనము వేయుదురు. పంట యింటికి వచ్చుసరికి అర్ధసంవత్సరపు చదువు ముగియవచ్చును. విత్తు మొదలు కాయవరకు మొక్క జీవితమంతయు మన బడికాలములోనే జరుగుచున్నది. ఇంతకన్న అనుకూలమైన ప్రయోగశాల పట్టణములవారికిని లేదు.

కనుక నా మనవి యిది. వారమునకొక్క గంట తరగతిని ఆరుబయట జరుపవలెను. ప్రతి విద్యార్థికిని ఒక గమనికల పుస్తకముండవలెను. అందు తేది, చూచినది, కొలిచినది, గీచిన బొమ్మ ఉండవలెను. చూచినది వేరు, ఊహించినది వేరు. రెండింటిని వేర్వేరు పుటలలో వ్రాయించవలెను. బడి ఆవరణములో నొక వర్షమాపకము నుంచి, పిల్లలచేతనే లెక్క వ్రాయించవలెను. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ జిల్లాలో ఒక్కొక్క వాన లెక్కయు విలువైనదే. ఆ పుస్తకమునకు కొన్ని మార్కులు కేటాయించినచో పిల్లలు దానిని అశ్రద్ధ చేయరు. వయ్యారిభామను తాకిన కొందరికి చర్మము దద్దురులెక్కును గావున, దానిని దూరమునుండియే చూపవలెను.

విద్యార్థులారా, ఈ వ్యాసమును నమ్మి "వేరుసెనగ ఫలము" అని వ్రాసినచో మీకు మార్కులు వచ్చును. కాని వచ్చు వానకారున ఒక ఊడకు దారము కట్టి చూడుడు. అప్పుడు నన్ను నమ్మవలసిన పనియే యుండదు.