కణం చెప్పలేనిది

అడిక్‌మెట్, తార్నాకల మధ్య బతికే నేను ప్రయోగశాలలకు వ్యతిరేకిని కాను. గాజు గిన్నెలో పెంచిన గర్భాశయ కణాలు ప్రొజెస్టిరాన్ తగిలితే రూపం మార్చుకుంటాయి. గర్భనిరోధక సూదిమందులు గర్భాశయపు పొరను ఎలా మారుస్తాయో అర్థం చేసుకోవడానికి అది ఉపయోగపడుతుంది. కానీ రక్తస్రావం ఆగక కూలి పోయిందని కణం చెప్పదు, స్త్రీయే చెప్పాలి.

1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ సూది వేయబోయిన స్త్రీలకు అది ప్రయోగమని చెప్పలేదు. దాన్ని బయటపెట్టిన స్త్రీశక్తి సంఘటన 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెక్కింది. నెట్-ఎన్‌ను సామూహిక కార్యక్రమంలో పెట్టబోమని 2000లో ప్రభుత్వం ఒప్పుకుంది. 2017లో అదే కోవకు చెందిన డి.ఎం.పి.ఎ. 'అంతర' పేరుతో ప్రభుత్వాసుపత్రుల్లోకి వచ్చింది. మందు మారినా మన ప్రశ్నలు మారలేదు: దుష్ఫలితాలు ముందే చెబుతున్నారా? సూది వేశాక ఆమెను పట్టించుకుంటున్నారా? వద్దనే హక్కు ఆమెకుందా?