సూది పొడిచి పనికి తోలడం వైద్యం కాదు

యానాది కాలనీకి రోడ్డు ఆలస్యంగా వస్తుంది. మంచినీళ్ల కుళాయి ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రం కొన్ని కుటుంబాలకి ఇప్పటికీ రాలేదు. నొప్పి సూది మాత్రం బండి మీద గుమ్మం దాకా వస్తుంది. డబ్బులు లేకపోతే అప్పుకి కూడా వేస్తారు. ఏదీ రాని చోటికి ఇదొక్కటే ఇంత సులువుగా ఎందుకొస్తుందో మనం గట్టిగా అడగాలి.

రేపల్లె, నిజాంపట్నం వైపు మడ అడవుల బురదలో పీతలు పట్టేది మనోళ్లు. రొయ్యల చెరువు గట్ల మీద రాత్రీ పగలూ కాపలా ఉండేది మనోళ్లు. బాపట్ల చుట్టూ వరి చేలల్లో వంగి ఎలుక బొరియలు తవ్వేది, తెనాలి కాలవల కింద నాట్లేసేది, కోతలప్పుడు బస్తాలు మోసేది మనోళ్లు. నలభై ఏళ్లకే ఆ నడుములు, మోకాళ్లు, భుజాలు పట్టేస్తుంటే ఊళ్లో వినపడే మాట ఒకటుంది: "వాళ్లది మొరటు ఒళ్లు, నొప్పి తెలీదు." తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాటని మెచ్చుకోలు అనుకోవద్దు. నొప్పి తెలీని మనిషికి వైద్యం అక్కర్లేదు, విశ్రాంతి అక్కర్లేదు, కూలి పెంచక్కర్లేదు. ఆ మాట వెనకున్న లెక్క అది.

మన ఒంటి మీద ఈ పెత్తనం కొత్తది కాదు. నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాక ఎరుకల కుటుంబాలని బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టారు. హాజరు వేసి పనికి పంపారు. ఆ చట్టం 1952లో రద్దయింది. మన ఒంటిని పనిముట్టుగా చూసే చూపు రద్దు కాలేదు. పనిముట్టు మొద్దుబారితే సానబెడతారు. మనిషి మొద్దుబారితే సూది వేస్తారు. తేడా ఏముంది?

ఆ సూదిలో ఏముందో ఇప్పుడు చూద్దాం. ఎక్కువగా డైక్లోఫెనాక్. చాలాచోట్ల దాంతోపాటు డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కూడా కలుపుతారు. గంటలో ఒళ్లు తేలికవుతుంది, మర్నాడు పనికి పోతాం. నాలుగో రోజు నొప్పి మళ్లీ మొదలు, మళ్లీ సూది. రెండు సూదుల మధ్య మెడికల్ షాపులో పేరు తెలీని మాత్రలు. నొప్పి ఎందుకొచ్చిందో చూసినవాడు లేడు, బీపీ కొలిచినవాడు లేడు, ఏ మందు వేశారో చీటీ రాసిచ్చినవాడు లేడు.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రకం మందులు నాలుగు రోజులు, అవసరమైన డోసులో వాడితే పనికొచ్చే మందులే. నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, రక్తం పోతుంది, బీపీ పెరుగుతుంది. కిడ్నీ సంగతి ఇంకా ముఖ్యం. ఎండలో చెమట కారి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్లే రక్తం తగ్గుతుంది. అప్పుడు కిడ్నీ తన రక్తనాళాలని తెరిచి ఉంచుకోవడానికి కొన్ని పదార్థాలు తయారు చేసుకుంటుంది. ఈ మందులు ఆపేది సరిగ్గా ఆ పదార్థాలనే. అంటే ఎండలో పనిచేసే కూలీకి ఈ మాత్ర నీడన కూర్చునేవాడి కంటే ప్రమాదం. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లో లంబాడీ కుటుంబాలని కిడ్నీ జబ్బు ఎలా తింటోందో పేపర్లలో చదువుతూనే ఉన్నాం. అక్కడ కారణం ఇదొక్కటే అని ఎవరూ తేల్చలేదు. నీళ్ల మీద అనుమానం ఉంది, నొప్పి మాత్రల మీదా ఉంది. అనుమానం ఉన్నచోట జాగ్రత్త ముందుండాలా, సూది ముందుండాలా?

ఇంకో సంగతి చెప్పాలి. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోతున్నాయని తేలాక మన దేశం 2006లో పశువులకి ఆ మందుని నిషేధించింది. మనుషుల కోసమని అమ్మే పెద్ద సీసాలు పశువులకి వాడుతున్నారని 2015లో 3 మిల్లీలీటర్ల సీసాకి మించి అమ్మొద్దంది. మంచి పని చేసింది. రాబంది ఒళ్లూ మనిషి ఒళ్లూ ఒకటి కాదని మాకూ తెలుసు. రాబందుల కోసం సీసా సైజు దాకా ఆలోచించిన ప్రభుత్వం, వారం వారం అదే సూది వేయించుకునే యానాది కూలీకి ఏడాదికోసారి క్రియాటినిన్ పరీక్ష చేయాలని ఎందుకు అనుకోలేదు?

స్టెరాయిడ్ సంగతీ వినండి. పదే పదే ఇస్తే షుగర్ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి, ముఖం ఉబ్బుతుంది. దాన్ని చూసి "ఒళ్లు చేశాడు, మందు పట్టింది" అనుకుంటాం. నెలల పాటు వాడినవాళ్లు దాన్ని ఉన్నట్టుండి ఆపినా ప్రాణం మీదకి వస్తుంది. ఇంట్లో ఎవరైనా అలా వాడుతుంటే ఈ పోస్టు చదివి రేపే మాన్పించొద్దు. ప్రభుత్వాసుపత్రి డాక్టరుకి చూపించి మెల్లగా తగ్గించాలి.

మరి సూది కాకపోతే ఏముంది? ఉంది. మన కాలనీ దాకా రానివ్వలేదు, అంతే.

మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జబ్బుల జాబితా ఐసీడీ-11 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో ఈ నొప్పికి సొంత పద్దు ఉంది. అంటే ఇది మన ఖర్మా కాదు, ముసలితనమూ కాదు, వైద్యం చేయాల్సిన జబ్బు. అదే సంస్థ 2023 డిసెంబరులో నడుం నొప్పి మీద సూచనలు ఇచ్చింది. నొప్పి గురించి మనిషికి విడమరిచి చెప్పడం, నేర్పించి చేయించే వ్యాయామాలు, ఫిజియోథెరపీ, మనసుకి ధైర్యమిచ్చే కౌన్సెలింగ్, అవసరమైతే డైక్లోఫెనాక్ రకం మాత్రలు కూడా: ఇవి వాడొచ్చంది. నడుం బెల్టులు, బరువులు కట్టి లాగడం, నల్లమందు రకం మాత్రలు మామూలుగా వద్దంది. మనోళ్లు అప్పు చేసి కొనుక్కునేదేమో ఆ బెల్టే.

అన్ని నొప్పులూ ఒకటి కావు. కాలిలోకి మంటగా, తిమ్మిరిగా పాకితే నరాల నొప్పి కావచ్చు. దానికి మామూలు నొప్పి మాత్ర సరిగా పనిచేయదు, అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ లాంటివి డాక్టరు రాస్తారు. పొద్దున లేచాక వేళ్ల కీళ్లు వాచి గంటసేపు బిగుసుకుపోతే కీళ్లవాతం కావచ్చు. దానికి మెథోట్రెక్సేట్ లాంటి మందు త్వరగా మొదలుపెడితే వేళ్లు వంకర పోకుండా ఆపొచ్చు. సూదులతో రెండేళ్లు గడిపితే ఆ అవకాశం పోతుంది. మోకాళ్ల అరుగుదలకి తొడ కండరాలు బలపడే వ్యాయామం, పైపూత జెల్ మొదటి మెట్టు. నడుం నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక టీబీ ఏమో చూడాలి. కాళ్లు చచ్చుబడ్డా, ఒంటికి రెంటికి పట్టు తప్పినా ఆ రోజే పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. వీటన్నిటికీ ఒకే సూది వేస్తే అది వైద్యం ఎలా అవుతుంది?

పాడేరు, రంపచోడవరం, భద్రాచలం వైపు చదివే మిత్రులకి సికిల్‌సెల్ నొప్పి తెలుసు. దాన్ని "ఒళ్లు నొప్పులు" అని సూదితో సరిపెట్టిన రోజులూ తెలుసు. 2023 జులైలో కేంద్రం సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. నొప్పి దాడులు తగ్గించే హైడ్రాక్సీయూరియా అనే మందుంది. కొండ మీదైనా, తీరంలోనైనా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నొప్పి ఎందుకొచ్చిందో చూశారా?

కొందరు మిత్రులు అంటారు, "ఆర్‌ఎంపీని తిడితే అర్ధరాత్రి ఎవరొస్తారు?" నిజమే. ఆయన వస్తాడు, మనల్ని తాకుతాడు, మన మాట వింటాడు. ఆస్పత్రిలో కొన్నిసార్లు అది కూడా దొరకదు. అందుకే మన గొడవ ఒక మనిషి మీద కాదు. రావాల్సినవాళ్లు రాకపోవడం మీద. రేపల్లె ప్యాసింజరెక్కి తెనాలి జిల్లా ఆస్పత్రికి పోతే ఒక రోజు కూలి పోతుంది. అక్కడినుంచి గుంటూరు జీజీహెచ్‌కి రాస్తే ఇంకో రోజు. బయానా తీసుకున్న ఇంటి నుంచి అయితే యజమాని కదలనివ్వడు. వెట్టిచాకిరీ 1976 చట్టంతో పోయిందంటారు. ఆస్పత్రికి వెళ్లడానికి సెలవు దొరకని పనిని ఇంకేమని పిలవాలి?

ఇంకొందరు నవ్వుతారు, "పొద్దస్తమానం వంగి లేచేవాడికి మళ్లీ వ్యాయామమా?" న్యాయమైన నవ్వే. కానీ నాట్లలో వంగడం ఒకే చోట పడే బరువు, వ్యాయామం ఆ చోటుని కాపాడే కండరాలకి బలం. రెండూ ఒకటి కాదు. అయితే పని మారకుండా వ్యాయామం ఒక్కటే చెప్పేవాడు కూడా మోసం చేస్తున్నట్టే. మన దగ్గర వడ్ల బస్తా 75 కిలోలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగ కూలీ మోసే బరువు 55 కిలోలు దాటొద్దని సిఫారసు చేసింది. అరవై ఏళ్లు కావస్తోంది. బస్తా బరువు తగ్గకుండా నడుం నొప్పి ఏ మాత్రతో తగ్గుతుంది?

తాగుడు గురించి కూడా మాట్లాడుకుందాం. మనల్ని తాగుబోతు జాతి అనే నోళ్లు చాలా ఉన్నాయి. డాక్టరు లేని చోట సాయంత్రం క్వార్టరే నొప్పి మందు అయిందని వాళ్లు చెప్పరు. అది మనకి సాకు కాకూడదు. మందు తాగి నొప్పి మాత్ర వేసుకుంటే కడుపులో రక్తస్రావం ముప్పు ఇంకా పెరుగుతుంది. ఈ మాట మన నాన్నలకి, బాబాయిలకి చెప్పాల్సింది మనమే.

అన్నిటికంటే పెద్ద అన్యాయం క్యాన్సరు నొప్పిది. దానికి మార్ఫిన్ ఉంది, మాత్రగానే మింగొచ్చు, ఖరీదు కాదు. 1985 ఎన్‌డీపీఎస్ చట్టం భయంతో ఏళ్ల తరబడి ఆస్పత్రులు దాన్ని పెట్టడం మానేశాయి. 2014లో చట్టం సవరించారు. గుర్తింపు పొందిన వైద్యసంస్థ ఏదైనా మార్ఫిన్ పెట్టుకోవచ్చు. కోజికోడ్‌లో 1993లో మొదలైన పాలియేటివ్ ఉద్యమం కేరళ అంతా పాకింది, 2008లో ఆ రాష్ట్రం విధానమే ప్రకటించింది. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆస్పత్రిలో తెలుగువాళ్లకి ఆ వైద్యం అందుతోంది. లంక చివర గుడిసెలో అరుస్తూ చచ్చిపోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

కాబట్టి మన డిమాండ్లు ఇవి.

ఒకటి, 2018 నుంచి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లలో ఇస్తామన్న పన్నెండు రకాల సేవల్లో వృద్ధుల వైద్యం, పాలియేటివ్ వైద్యం ఉన్నాయి. మన ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో అవి చూపించాలి.

రెండు, బాపట్ల, రేపల్లె ప్రభుత్వాసుపత్రుల నుంచి ఫిజియోథెరపిస్టు వారానికోసారి కాలనీలకి రావాలి. వచ్చే టైమ్ కూలీ ఇంట్లో ఉండే టైమ్ కావాలి.

మూడు, నొప్పి మందులు తరచూ వాడే ప్రతి ఒక్కరికీ కాలనీలోనే బీపీ, షుగర్, క్రియాటినిన్ పరీక్షలు చేయాలి.

నాలుగు, తెనాలి జిల్లా ఆస్పత్రిలో మార్ఫిన్ దొరకాలి.

ఐదు, కార్డు లేదని ఏ యానాదినీ వెనక్కి పంపొద్దు. కార్డు ఇప్పించే బాధ్యత అధికారులదే.

ఇవి అడిగే పని చదువుకున్న మనదే. ఆర్టీఐ దరఖాస్తు పది రూపాయలు. ఫిజియోథెరపిస్టు పోస్టులెన్ని, ఖాళీలెన్ని, మార్ఫిన్ గుర్తింపు ఉందా లేదా, ముందు ఇవి రాతపూర్వకంగా తెప్పిద్దాం. ఈలోగా ఈ ఆదివారం మీ ఇంట్లో అమ్మ దగ్గర, తాత దగ్గర ఉన్న మాత్రల అట్టలన్నీ బయటికి తీయండి. పేర్లు, ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారో కాగితం మీద రాయండి. సూది వేస్తే ఏ మందో చీటీ అడగండి. ఆ కాగితం పట్టుకుని వాళ్లని ఆస్పత్రికి తీసుకెళ్లండి. పది ఇళ్ల కాగితాలు కలిస్తే వినతిపత్రం, వంద ఇళ్లవి కలిస్తే ధర్నా.

మనోళ్లకి నొప్పి తెలుసు. ఇన్నాళ్లూ చెప్పలేదు, అంతే.

జై ఆదివాసీ!