ఎవడి సేవ? ఎవడి స్వార్థం?

చదువుకున్న మాలమాదిగలకి ఈ దేశంలో అడక్కుండానే దొరికేది ఒకటుంది. నిస్వార్థం గురించి ఉపన్యాసం. కూలి పెంచమంటే స్వార్థం. రిజర్వేషన్ అంటే స్వార్థం. సంఘం పెట్టుకుంటే కులస్వార్థం. ముప్ఫయ్యెకరాల ఆసామి కొడుకు మా స్టాఫ్ రూంలో కూచుని నాకు త్యాగం గురించి చెప్తాడు. గుడికి ఫ్యానిచ్చి మూడు రెక్కల మీదా పేరు రాయించుకున్నవాడు మాత్రం దాత!

మా నాయనమ్మ మంత్రసాని. ఊళ్లో పెద్దిళ్ల పిల్లలెందరో ఆమె చేతుల్లోనే భూమ్మీద పడ్డారు. అర్ధరాత్రి కబురొస్తే వానైనా బురదైనా లాంతరు పట్టుకుని పోయేది. బొడ్డు కోసి, మాయ పూడ్చి, బాలింతకి నీళ్లు పోసి దొడ్డిదారినే తిరిగొచ్చేది. ఆమె గడప దాటగానే ఇల్లు కడుక్కునేవాళ్లు. చేటెడు బియ్యం, ఓ పాతకోక ఇచ్చేవాళ్లు. దాన్ని ఎవరూ సేవ అన్లేదు. ఆ ఇంటాయనే సంక్రాంతికి మా పల్లెలో పది దుప్పట్లు పంచితే అది సేవయింది.

సేవ ఎప్పుడూ పైనుంచి కిందికే ఎందుకు పారుతుంది? పెట్టే చెయ్యి పైనుండాలంటే పట్టే చెయ్యి కిందుండాలి గదా! 1932లో పూనా ఒప్పందం అయ్యాక గాంధీ పూనికతో హరిజన సేవక సంఘం పుట్టింది. అంబేద్కర్ మొదట అందులో ఉన్నాడు. బావుల దగ్గర, బళ్లల్లో, కొలువుల్లో మన హక్కుల కోసం కొట్లాడమని ఆ సంఘానికి ఉత్తరం రాశాడు. పట్టించుకోలేదు. బయటికొచ్చేశాడు. సంఘం నడిపే కమిటీల్లో మావాళ్లకి చోటేదంటే, ఇది సవర్ణ హిందువులు చేసుకునే ప్రాయశ్చిత్తం, బాకీ తీర్చేది వాళ్లే అన్నారు. అంటే బాకీ ఎంతో, ఎప్పుడు తీర్చాలో కూడా బాకీపడ్డవాడే చెప్తాడన్నమాట. ఇది పరుల మీద ప్రేమ కాదు. తన పుణ్యం మీద ప్రేమ.

మరి నిస్వార్థం అనేది లేదా? ఉంది. 1985 జూలై 16న కారంచేడులో, మాదిగలు మంచినీళ్లు ముంచుకునే చెరువుని ఆసాముల పిల్లలు బర్రెల కుడితితో మురికి చేస్తుంటే అడ్డుకున్నారు. కొట్టబోయిన వాళ్ల మీదికి మున్నంగి సువార్త నీళ్ల బిందె ఎత్తింది. తెల్లారి పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆ నీళ్లు సువార్త ఒక్కదానివేనా? పల్లె మొత్తానివి. ఆమెకీ దాహమవుతుంది కాబట్టి అది స్వార్థమంటారా? కష్టం ఉమ్మడిగా ఉన్నచోట నాదీ పరాయిదీ అని గీత గియ్యలేం. అదే కారంచేడు కోసం బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకున్నాడు. ఆయన దుప్పట్లు పంచడానికి రాలేదు, పక్కన నిలబడ్డానికి వచ్చాడు.

ఉద్యోగం రాగానే పల్లె దోవ మర్చిపోయినవాళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్లని అడిగే హక్కు పల్లెకుంది, దాతలకి లేదు.

పంతులుగా నాకు తెలిసిన కొలత ఒక్కటే. నువ్వు చెయ్యిచ్చినవాడు లేచి నిలబడి, ఇక నీ అవసరం లేదు పో అన్ననాడు నీకు సంతోషం కలిగిందా? కలిగితే నీది ప్రేమ. కడుపు మండితే నువ్వు చేసింది వ్యాపారం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సేవ చేస్తానని వచ్చేవాణ్ణి గుమ్మంలోనే అడగండి. కూలి పెంచుతావా? చెరువు జోలికి రాకుండా ఉంటావా? మా కంచంలో తింటావా? ఔనంటే లోపలికి పిలవండి. దుప్పటి మాత్రం వెనక్కి పట్టుకుపొమ్మనండి.