మొదటి నెల లెక్క చూసి మురిసిపోవద్దు



అమెరికా షేల్ చమురు కంపెనీల షేర్లు కొనమని మన గ్రూపుల్లో కొందరు ఊదరగొడుతున్నారు. వాళ్లు చూపించేది బావి మొదటి నెల దిగుబడి మాత్రమే.

షేల్ రాయిని నీళ్లు, ఇసుకతో ఒత్తిడి పెట్టి పగలగొడితేనే చమురు కదులుతుంది. పగుళ్ల దగ్గరున్నది ముందే వచ్చేస్తుంది. అందుకే నార్త్ డకోటా బాకెన్‌లో బావి దిగుబడి మొదటి ఏడాదే సగానికి పైగా పడిపోతుంది. మొత్తం ఉత్పత్తి నిలవాలంటే కొత్త బావులు తవ్వుతూనే ఉండాలి. వచ్చిన డబ్బులో చాలా భాగం దానికే పోతుంది.

మన తీరానికి ఎదురుగా ఉన్న కేజీ-డీ6 షేల్ కాదు, సముద్రగర్భ గ్యాస్. అయినా అక్కడి డీ1, డీ3 క్షేత్రాలు 2009లో మొదలై, 2010 తర్వాత తగ్గుతూ వచ్చి, 2020లో మూతపడ్డాయి.

మేము చెప్పేది ఒక్కటే. ఒక్కో బావి 24వ నెలలో ఎంత ఇస్తోందో అడగండి. జవాబు రాకపోతే, పిల్లల చదువుకని దాచిన డబ్బు కదపకండి.