సున్న వేరు, ఖాళీ వేరు

పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడికి మళ్ళీ మార్కుల పుస్తకంతో ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. 2021లో మా మేనల్లుడు తన చుట్టుపక్కల ఉన్న ప్రవాసాంధ్ర కుటుంబాల పిల్లలకు వారాంతపు తెలుగు తరగతి మొదలుపెట్టి, పాఠం చెప్పే పని నాకు అప్పగించాడు. తరగతి నడిచేది ‘మూడుల్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామస్ 2002లో దాని తొలి కూర్పును విడుదల చేశాడు. పాఠాలు ఎక్కించడం రెండు రోజుల్లో పట్టుబడింది. మార్కుల పట్టిక మాత్రం నా చేత మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

మార్కులు లెక్కకట్టే పద్ధతులు ఇందులో అనేకం. 2014లో వచ్చిన 2.8 కూర్పు నుండి ‘నేచురల్’ అనేది ముందుగానే ఎంపికై ఉంటుంది. పేరుకు తగ్గట్టే అది మన పాత బడి లెక్క: వచ్చిన మార్కులన్నీ కూడడం, మొత్తం ఎన్నింటికి వచ్చాయో చూడడం. నేను దానినే సమర్థిస్తాను. శాతాల మీద శాతాలు కట్టే పద్ధతిలో తన మార్కు ఎలా వచ్చిందో పిల్లవాడికి బోధపడదు. అడిగితే చెప్పలేని గురువులూ ఉన్నారు. కూడిక అయితే ఇంట్లో అమ్మమ్మ కూడా వేళ్ళ మీద సరిచూడగలదు.

అయితే ఒక మెలిక ఉంది. ఇక్కడ గరిష్ఠ మార్కే ఆ పనికి మనమిచ్చే విలువ. వారానికొకటిగా పది చిన్న పరీక్షలు, ఒక్కొక్కటి 5 మార్కులు; పద్యాల అప్పగింతకు 20; గణవిభజనకు 30 అని పెట్టాను. చివరి వ్యాసానికి మార్కులు నిర్ణయించడం మరచాను. అసైన్‌మెంటుకు యంత్రం తనంతట తానే 100 అని వేసుకుంటుంది. మొత్తం 200 అయింది. ఏడాది పొడుగునా చేసిన పనంతా ఒక పక్క, ఒక్క వ్యాసం ఒక పక్క! గుక్క తిప్పుకోకుండా పద్యాలు అప్పజెప్పిన పిల్ల, వ్యాసం తడబడి కిందికి జారిపోయింది. యంత్రాన్ని తిట్టి లాభం లేదు. వ్యాసం విలువెంతో నేను చెప్పలేదు కనుక అది చెప్పింది. ఆ 100ని 30కి దింపి, వేసిన మార్కులను కూడా ఆ దామాషాలో తగ్గించమన్నాను. ఇప్పుడు కాగితం మీద పద్దు రాసుకోనిదే పట్టిక జోలికి పోను.

అంతకంటె పెద్ద చిక్కు ఖాళీ గడి. ఖాళీ మార్కులను లెక్కలోకి తీసుకోవద్దనే చోట ముందుగానే టిక్కు పెట్టి ఉంటుంది. దానివల్ల ఒకే పరీక్ష రాసి 5కు 5 తెచ్చుకున్నవాడు నూటికి నూరుగాను, పదీ రాసి 41 తెచ్చుకున్నవాడు 82గాను కనిపిస్తారు. టిక్కు తీసేశామా, ఇంకా పెట్టని పరీక్షలకు కూడా సున్న పడి, మొదటి వారంలోనే తరగతి అంతా తప్పినట్టు చూపుతుంది. నేననేది, టిక్కు ఉండనివ్వాలి. గడువు దాటినా ఎగవేసినవాడికి గురువే తన చేత్తో సున్న వేయాలి. తగిన కారణముండి రానివాడి గడిని ‘ఎక్స్‌క్లూడెడ్’ అని గుర్తించాలి. వ్యాకరణంలో లోపమంటే తప్పు కాదు, కనబడకపోవడం. ఆ భేదం చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ణి నేను.

పుచ్చుకొని ఏమి చేశాను? 1987లో, ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు ఆటలమ్మ పోసి అర్ధసంవత్సర పరీక్షలు రాయలేదు. తక్కిన మాస్టార్లు ‘ఆబ్సెంటు’ అని రాశారు. నేను సున్న చుట్టాను. త్రైమాసికంలో 42, వార్షికంలో 45. నా సున్నతో కలిపి మూడింటి సగటు 29. రాసిన రెండింటికే తీసివుంటే 43న్నర. ఉత్తీర్ణతకు 35 చాలు. వాడు తప్పింది తెలుగులోనే. జూన్‌లో బడి తెరిచాక రాలేదు. రైసుమిల్లులో కుదిరాడని విని వెళ్ళాను. ఊక బస్తా దించి, “దండాలు మాస్టారూ” అన్నాడు. నేనెందుకు వచ్చానో చెప్పలేక తిరిగి వచ్చాను.

మొన్న మా తరగతి పిల్ల ఒకతె తాతగారు పోయారని ఇండియాకు వెళ్ళి రెండు పరీక్షలు తప్పింది. వాళ్ళమ్మ ఫోను చేసి, “సున్నలు పడ్డాయా మాస్టారూ?” అని అడిగింది. లేదమ్మా, ఆ రెండు గడులూ లెక్కలోకి రావు అన్నాను. ఆవిడకు నమ్మకం కుదరలేదేమో, పట్టిక తెరిచి చూస్తానంది. చూడమన్నాను.